తిమ్మప్ప బావికి నేను వేయించిన రెండు ముళ్ళు

ఇది ఒక ఘోరం కథ. కాబట్టి నాలుగు వేయించిన వేరుశనగ బుడ్డలు దగ్గర పెట్టుకుని, తీరుబడిగా కూర్చుని చదవండి. ఇందులో ఊరంతా ప్రాణంగా చూసుకున్న ఒక రేడియో నాటకం పాడైపోతుంది. దాన్ని బాగుచేస్తానని ఒక తెలివైనవాడు బయలుదేరి ఇంకా పాడుచేస్తాడు. చివరికి ఏ పాపమూ ఎరుగని రెండు ఎద్దులు సంతదారి పడతాయి. ఆ తెలివైనవాణ్ణి నేనే. ఎద్దులు ఎవరివో ముందు ముందు మీకే తెలుస్తుంది.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఎస్సెల్సీ రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పడానికి శ్రద్ధగా చదువుతున్నాను. ఊళ్ళో నాకున్న పేరు ఒక్కటే: ఎవరు ఏ ఘట్టాన్ని రక్తి కట్టిస్తున్నా మధ్యలో దూరి గాలి తీసేవాడు. అప్పగింతల్లో పెళ్ళికూతురు గుండెలవిసేలా ఏడుస్తుంటే, "ఏలక్కా అంత ఏడుపు, అత్తగారిల్లు ఎదురుసందే గదా" అన్నది నేనే. ఊరి దేవర జాతరలో పూనకం వచ్చి ఊగుతున్న మనిషి చెవిలో, "అన్నా, కాలికింద ముల్లుండాది" అన్నదీ నేనే. ఆయన పూనకంలోనే రెండడుగులు పక్కకు జరిగి, అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

అలాంటివాడి చేతికి పంచాయితీవాళ్ళు రేడియో గది తాళంచెవి ఇచ్చారు. ఊళ్ళో ఖాళీగా ఉన్న చదువుకున్నవాడు నేనొక్కణ్ణే మరి.

మా ఊరు పామిడికి రెండు కోసుల దూరం, పెన్న ఒడ్డున. ఒడ్డు అనగానే నీళ్ళు ఊహించుకునేరు. మా పెన్న పదకొండు నెలలు ఇసుక, మిగిలిన నెల తడి ఇసుక. మబ్బులు మాత్రం వస్తాయి. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ మాదిరి కాసేపు కూర్చుని, ఏ సంగతీ చెప్పకుండా మర్యాదగా లేచిపోతాయి.

కరెంటు లేదు కాబట్టి మా రేడియో ఇటుకంత బ్యాటరీతో పలికేది. పంచాయితీ గదిలో కిటికీకి ఇనుప వల బిగించి, దాని వెనక పెట్టెను పెట్టారు. జనమంతా బయట బండల మీద. నేను లోపల, తలుపుకు గడియ వేసుకుని. గడియ లేకపోతే ప్రతివాడూ లోపలికొచ్చి, "ఏదీ, మనిషి యాడుండాడో చూడనీ" అని పెట్టె వెనక చేయి పెట్టేవాడు.

ప్రతి గురువారం పొద్దు వాలే వేళకు "తిమ్మప్ప బావి" అనే నాటకం వచ్చేది. కథ చెప్పాలంటే ఒక్క ముక్క. తిమ్మప్ప అనే ముసలి రైతు ఇద్దరు కొడుకులతో కలిసి రాతినేలలో బావి తవ్వుతుంటాడు. అంతే. మొదటి వారం తవ్వాడు. రెండో వారం తవ్వాడు. మూడో వారం బండ తగిలింది. నాలుగో వారం ఆ బండ ముందు కూర్చుని ఆలోచించాడు. మీకు ఇది నాటకంలా అనిపించకపోతే మీ ఊళ్ళో నీళ్ళున్నాయన్నమాట.

ఆ తిమ్మప్ప వేషం కట్టిన ఆయన ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ గొంతు మాత్రం తెలుసు. గడ్డపార ఎత్తేటప్పుడు ఒక ఊపిరి పీల్చేవాడు, దించేటప్పుడు ఒకటి వదిలేవాడు. ఆ రెండింటి మధ్య మా ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఆయన మాట కోస్తా మాట. కానీ దగ్గు మాత్రం అచ్చం మా ఊరి దగ్గు, దుమ్ము తిన్నవాడి దగ్గు. ఒక గురువారం ఆయన మాటల్లేకుండా ఐదు నిమిషాలు ఉత్తగా తవ్వాడు. ఠంగ్. ఊపిరి. ఠంగ్. ఊపిరి. బండల మీద వంద మంది, ఒక్కరు కదలలేదు. నేను లోపల ఒక చెణుకు సిద్ధం చేసుకున్నాను, బ్యాటరీ కంటే తిమ్మప్పే ముందు అయిపోతాడని. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. జీవితంలో మొదటిసారి నాకు గాలి తీయబుద్ధి కాలేదు.

లోతు లెక్క మస్తానన్నది. ఆయన దూదేకి పరుపులు కుట్టేవాడు, మా బండల సభకు పెద్ద. కిటికీ పక్క కొక్కేనికి ఒక కిత్తనార తాడు వేలాడదీసి, తిమ్మప్ప ఒక మట్టు దిగినప్పుడల్లా, అంటే ఒక నిలువు మనిషి లోతు దిగినప్పుడల్లా, లేచి దానికి ఒక ముడి వేసేవాడు. అందరూ తలలూపాకే ముడి. ఎవరికైనా అనుమానం ఉంటే ముడి లేదు.

ఆ తాడు నారాయణప్ప మామది. ఆయన మా ఊరి పైచేలలో నిజంగానే ఒక బావి తవ్వుతున్నాడు. తవ్వడానికి ముందే, నీళ్ళు చేదడానికని కూర్చుని ఆ తాడు పేనుకున్నాడు. దాని మీద ఆయన భార్య లచ్చుమక్క, "బిడ్డ పుట్టకముందే బడికి పంపే రకమప్పా మీ మామ" అని ఊరంతా చెప్పేది. నీళ్ళు పడేదాకా తాడు ఊరికే ఎందుకని మామ దాన్ని తిమ్మప్పకు అరువిచ్చాడు. ఏడాదిలో దానికి ఏడు ముళ్ళు పడ్డాయి.

ఆ తర్వాత నాటకానికి దిష్టి తగిలింది.

ఒక గురువారం తిమ్మప్ప నోరు తెరిస్తే వేరే గొంతు వచ్చింది. సన్నగా, పీపీ ఊదినట్టు.

"ఎవడప్పా వీడు?" అన్నాడు మస్తానన్న కిటికీలోంచి.

"తిమ్మప్పేనంటన్నా."

"జలుబు చేసినాదా?"

"జలుబు చేస్తే గొంతు లావవుతాది గదన్నా. సన్నబడినాదంటే మనిషే మారినాడు."

"పాతాయన యాడికి పోయినాడు?"

నేనేం చెప్పను! స్టేషనువాళ్ళు నన్నడిగి మార్చారా?

కొత్త తిమ్మప్ప గడ్డపార పట్టలేదు. ఆయనకో బావమరిది పుట్టుకొచ్చాడు. వచ్చీ రాగానే తమాషాలు చేసి, తన తమాషాలకు తనే నవ్వేవాడు. తర్వాత ఇద్దరు కోడళ్ళు వచ్చి ఆరు వారాలు ఒక చీర కోసం పోట్లాడారు. ఆ తర్వాత పెద్దకొడుకు ఎరువుల గుంత గురించి నాలుగు గురువారాలు ఉపన్యాసం చెప్పాడు. బావి ఊసే లేదు. ఒక వారం ఉన్నట్టుండి "నీళ్ళు! నీళ్ళు!" అని అరుపులు వినిపిస్తే బండల మీద అందరూ లేచి నిలబడ్డారు. మస్తానన్న తాడు పట్టుకున్నాడు. అంతలో కోడి కూసింది, తిమ్మప్ప నిద్ర లేచాడు. అంతా కల.

"కలా?" అన్నాడు మస్తానన్న. చేతిలో తాడు అలాగే ఉంది. "కలకు ముడి వేసేదెట్లప్పా?"

వెనక వరసలో నారాయణప్ప మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వారం బండల మీద ముప్పై మంది. ఆ పై వారం పన్నెండు మంది, ఒక మేక. ఎరువుల గుంత ఉపన్యాసాన్ని చివరిదాకా విన్నది మేకే.

నాకు కోపం వచ్చింది. నన్ను ఒకే ఒక్కసారి నోరు మూయించిన నాటకం, ఇలా బావమరుదుల పాలైపోతే ఎవరికైనా వస్తుంది. స్టేషనుకు మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. పాత తిమ్మప్ప గొంతు నాకొచ్చు! మేకల దగ్గర, బావుల దగ్గర, ఎక్కడ మనుషులు లేకపోతే అక్కడ ఆ గొంతు సాధన చేసి ఉన్నాను. ఊపిరి, దగ్గు సహా.

ఆ గురువారం మా ఇంట్లో కిరసనాయిలు పోసే రేకు గరాటు, ఒక విరిగిన గునపం ముక్క పట్టుకుని రేడియో గదిలో దూరి గడియ వేసుకున్నాను. నాటకానికి ముందొచ్చే వాయిద్యం, పేరు చెప్పే అమ్మాయి మాట అలాగే రానిచ్చాను. సన్నగొంతు తిమ్మప్ప "అబ్బాయీ" అనేలోపు శబ్దం పూర్తిగా తగ్గించి, పెట్టె కింద గొంతుక్కూర్చుని, గరాటు నోటికి పెట్టుకున్నాను.

ఒక దగ్గు దగ్గాను.

బయట పన్నెండు మంది ఒక్కసారిగా "ఆఁ!" అన్నారు.

"పెద్దోడా, గడ్డపార ఇలా ఇవ్వు. చాలా కాలమైంది దాని బరువు చూసి," అన్నాను తిమ్మప్ప గొంతుతో. గునపం ముక్కతో నేల బండ మీద ఒక్కటి వేశాను. ఠంగ్. ఊపిరి.

"వచ్చినాడప్పా!" అన్నాడు మస్తానన్న. "మన పెద్దాయన వచ్చినాడు! ఒరే, ఊళ్ళోకి పోయి అందరికీ చెప్పండ్రా!"

కాసేపటికి బండలు నిండిపోయాయి. నాకు ఒళ్ళు తెలియలేదు. తవ్వాను, దగ్గాను, బండను బతిమాలాను, తిట్టాను. మధ్యలో ఎప్పటి మాదిరే పక్కనే ఉన్న మా ఇంటి గోడ అవతల నుంచి మా అమ్మ, "ఒరే సీనా, సంగటి సల్లారిపోతాందిరా!" అని కేకేసింది. బదులు చెప్పి మళ్ళీ తవ్వడంలో పడ్డాను. చివర్లో తిమ్మప్ప ఎనిమిదో మట్టు దిగాడు. బయట మస్తానన్న లేచాడు, అందరూ తలలూపారు, ఎనిమిదో ముడి పడింది.

నేను తలుపు తీసుకుని ముఖం తుడుచుకుంటూ వచ్చాను.

"ఎట్లుండె అన్నా నాటకం?"

"బెమ్మాండం," అన్నాడు మస్తానన్న నన్నే చూస్తూ. "లోపల నీకు బాగా ఉక్కగా ఉండాదా ఏమి సీనా, చెమట్లు కారుతాండాయి?"

"బ్యాటరీ వేడన్నా."

"అట్లనా," అన్నాడాయన.

ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. తర్వాతి గురువారం పక్క ఊళ్ళ నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. ఆ రోజు తిమ్మప్పను తొమ్మిదో మట్టుకు దించాను. అరచెయ్యి బండ మీద పెట్టించి, "పెద్దోడా, రాయి చల్లగా ఉందిరా. తూర్పు పక్క చల్లగా ఉంది," అనిపించి అక్కడ ఆపేశాను. తొమ్మిదో ముడిని మస్తానన్న రెండుసార్లు లాగి బిగించాడని చెప్పుకున్నారు. వచ్చే వారం నీళ్ళే అని ఊరంతా తీర్మానం. కొంతమంది ఆడవాళ్ళు తిమ్మప్ప బావికి పసుపు కుంకుమ పొట్లం కట్టి కిటికీలో పెట్టిపోయారు. నేను దాన్ని ఏ ముఖం పెట్టుకుని తీసుకోవాలో తెలియక రేడియో మీదే ఉంచాను.

ఇక్కడిదాకా చదివి, "ఇందులో ఘోరం ఏముంది, కుర్రవాడు బాగానే చేశాడే" అని మీరనుకుంటే, నేను కూడా అప్పుడు సరిగ్గా అదే అనుకున్నాను.

సోమవారం మస్తానన్న అంగడి ముందు కూర్చుని దూది ఏకుతున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను, పొగడ్త ఏమైనా రాలుతుందేమోనని.

"సీనా, సంగతి తెల్సునా? మీ నారాయణప్ప మామ ఎద్దులు అమ్మేది మానుకున్నాడు."

"అమ్మాలనుకున్నాడా?"

"ఈ శుక్రవారం పామిడి సంతలో అమ్మేసి, మడకశిర తట్టు గొర్రెలు కాసుకునేకి పోవాలని ఉండె. మేత యాడుండాది? బావి ఏడు మట్లకాడ బండ తగిలి ఆగిపాయె."

"ఏడు మట్లా?"

"ఏడే. రేడియోలో తిమ్మప్ప ఒక మట్టు దిగితే ఈడ మీ మామ ఒక మట్టు దిగినాడు. వాళ్ళు ఆపిన దినం ఈయనా ఆపేసినాడు. ఇప్పుడు తిమ్మప్ప మళ్ళా పట్టుకున్నాడని మీ మామ కూడా దిగినాడు. రెండెడ్లకు ఉండే మేతంతా పెట్టి మట్టి లాగిస్తాండాడు. తూర్పు పక్క తొవ్వుతాండాడు."

"తూర్పు పక్కేలన్నా?"

మస్తానన్న దూది ఏకే విల్లు ఆపి నా ముఖంలోకి చూశాడు. "తిమ్మప్పకు తూర్పు పక్క చల్లగుండె గదా."

తూర్పు అని ఎందుకన్నానో తెలుసా? గరాటు పట్టుకున్న చేయి నొప్పి పుట్టి తూర్పు పక్కకు తిరిగి కూర్చున్నాను. అంతకంటే శాస్త్రం లేదు. ఆ మాట మీద ఒక మనిషి తన చివరి మేత గుప్పిళ్ళు ఎద్దులకు పెట్టి బండ కొడుతున్నాడు. నీళ్ళు పడకపోతే? మేత అయిపోతుంది, ఎద్దులు బొమికలవుతాయి, అప్పుడు సంతలో వాటి వైపు చూసేవాడు కూడా ఉండడు.

మూడు రోజులు సంగటి దిగలేదు. నేరుగా పోయి నిజం చెప్పేస్తే పోయేది. కానీ నిజం చెప్పడం నాకు అలవాటు లేని పని, పైగా ఆయన చేతిలో గడ్డపార ఉంది. కాబట్టి తెలివైనవాణ్ణి కదా, ఇంకో తెలివైన పని చేశాను. తిమ్మప్ప ఎత్తితే మామ ఎత్తాడు. తిమ్మప్ప దించేస్తే మామ కూడా దించేస్తాడు! అంటే ఈ గురువారం నాటకాన్ని ఎంత పాడుచేయగలిగితే అంత పాడుచేయాలి.

స్టేషనువాళ్ళ మీద మూడు ఉత్తరాలు రాసినవాణ్ణి, వాళ్ళ పని నేను చేయడానికి కూర్చున్నాను. అప్పుడు తెలిసింది అది ఎంత సులువో. బావమరిదిని పిలిపించాను. తన తమాషాలకు తనే నవ్వాడు. ఎరువుల గుంత గురించి ఉపన్యాసం చెప్పాను, మేక కూడా లేచిపోయేటంత. గొంతులు చాలకపోయినా ఇద్దరు కోడళ్ళ చేత పోట్లాడించాను. తొమ్మిదో మట్టు చల్లదనం కలన్నాను. చివరికి తిమ్మప్ప దగ్గి, "పెద్దోడా, ఈ నేలలో నీళ్ళు లేవు. బావి పూడ్చేసి పోదాం పదరా," అన్నాడు.

బయట నుంచి తిట్లు రాలేదు, నవ్వు రాలేదు. కొంచెంసేపటికి బండ్ల చక్రాల మోత, చెప్పుల చప్పుడు. నేను తలుపు తీసేసరికి బండల మీద ఎవరూ లేరు. తాడు ఒక్కటే గాలికి ఊగుతోంది. అమ్మయ్య, మామ బతికిపోయాడు అనుకుని ఇంటికి పోయి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

తెల్లవారి గది ఊడుస్తున్నాను. లచ్చుమక్క తలుపులో నిలబడింది. కొంగు బిగించి ఉంది.

"ఏమిరా, నీకేమి పోయేకాలం వచ్చినాది? తిమ్మప్ప చేత బావి ఏల పూడ్పించినావు?"

నేను ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను. "నేనేందత్తా? అది స్టేషనోళ్ళు..."

"నోరు ముయ్యి. మొదటి వారమే మీయమ్మ సంగటి సల్లారిపోతాందని కేకేస్తే, రేడియోలో తిమ్మప్ప 'వస్తాండానుండుమ్మా' అన్లేదా?"

నేను బదులు చెప్పిన మాట నిజమే. గరాటు నోటి దగ్గర నుంచి తీశానా లేదా అన్నది మాత్రం అంతవరకు ఆలోచించలేదు.

"అందరికీ తెలుసా?"

"మేకకు తెలీదేమో."

"మరి ఒక్కరూ అడగలేదే అత్తా!"

"అడిగితే నువ్వు ఆపేస్తావని మస్తానన్న అందరిచేతా ఒట్టేయించుకున్నాడు. ఏమప్పా, స్టేషనోళ్ళు చెడగొట్టినారంటే వాళ్ళకు మన బావి తెలీదు, మనం తెలీదు. నీకేమొచ్చెరా? సంగటి తిని, ఈడ పుట్టి, నువ్వు కూడా కలంటివి!" ఆమె కొంగు ఇంకోసారి బిగించింది. "మీ మామ పొద్దున లేచి ఎద్దులు తోలుకోని పామిడికి పోయినాడు. ఇప్పుడు ఏటి కాడ ఉంటాడు."

నేను పరిగెత్తాను. ఊరు దాటాక చూసుకుంటే చేతిలో రేకు గరాటు ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో ఆ దేవుడికే తెలియాలి.

పెన్న ఇసుకలో ఎద్దులు మెల్లిగా పోతున్నాయి. ముందు మామ.

"మామా!"

వెనక్కి చూడలేదు. నాకు ఇంకేమీ తోచలేదు. నడి ఇసుకలో నిలబడి, గరాటు నోటికి పెట్టుకుని, తిమ్మప్ప గొంతుతో, "పెద్దోడా! ఆగరా! బండ చల్లగానే ఉంది!" అని అరిచాను. ఆయాసానికి గొంతు పిల్లి మాదిరి వచ్చింది. ఎద్దులు రెండూ తిరిగి నన్ను చూశాయి. అంత అసహ్యంగా నన్ను ఏ పరీక్షాధికారీ చూడలేదు.

మామ ఆగాడు. "గొంతు జారినాది," అన్నాడు.

"ఎండకు మామా."

"గరాటు దించు."

దించాను.

"ఇప్పుడు నీ నోటితో చెప్పు. ఏల వచ్చినావు?"

చెణుకు ఒక్కటి కూడా అందలేదు. నా గొంతుతో తమాషా కాని మాట ఒకటి చెప్పడం అంత కష్టమని నాకు తెలియదు. ఒంటి మీద గుడ్డ లేకుండా నిలబడినట్టుంది.

"ఎనక్కి రా మామా."

"వచ్చి?"

"తొవ్వుదాం. నేనూ దిగుతా."

"నీళ్ళు పడతాయా?"

తిమ్మప్ప అయితే ఈ చోట ఏదో ఒక మంచి మాట చెప్పేవాడు. "నాకు తెలీదు మామా," అన్నాను. "తూర్పు పక్క అన్నది కూడా... ఊరికే అన్నా."

ఆయన ఎద్దుల ముక్కుతాళ్ళు ఊరివైపు తిప్పాడు.

"నువ్వని నాకు మొదటి వారమే తెలుసురా," అన్నాడు నడుస్తూ. "తెలిసినా, ఆ గొంతు ఇనపడితే చేయి దాని పాటికి అది లేస్తాండె. ఏం చేసేది?" ఇంకో పది అడుగులు వేశాక, "ఇన్నేళ్ళలో నువ్వు చెప్పిన మాటల్లో నమ్మేటట్టు ఉండేది ఇప్పుడు చెప్పిందొక్కటే. తెలీదన్నావే, అది," అన్నాడు.

పద్దెనిమిది రోజులు తవ్వాం. మస్తానన్న దూది విల్లు పక్కన పెట్టి వచ్చాడు. మేత తలా ఒక మోపు ఎవరో ఒకరు తెచ్చి పడేసేవాళ్ళు, ఎవరని అడిగితే చెప్పేవాళ్ళు కాదు. నా అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. గడ్డపార ఎత్తేటప్పుడు ఊపిరి ఎందుకు అలా వస్తుందో, దించేటప్పుడు ఎందుకు అలా పోతుందో అప్పుడు తెలిసింది. ఆ రేడియో పెద్దాయన ఎవరో గానీ, ఎప్పుడో ఎక్కడో నిజంగా ఒక బావి తవ్వి ఉంటాడు. చల్లటి గదిలో కూర్చున్నవాడికి ఆ ఊపిరి రాదు. నేను దాన్ని గరాటులో ఊది, వచ్చేసిందనుకున్నాను.

తొమ్మిది మట్లు దాటి జానెడు. మధ్యాహ్నం ఎండ నిలువుగా బావి అడుక్కు దిగింది. బావిలో నేనూ, మామా. మామ సమ్మెట వేశాడు. ఒక పెచ్చు ఊడింది. ఊడిన చోట రాయి నల్లగా ఉంది. నేను చూస్తుండగా ఆ నలుపు పెద్దదైంది. అందులోంచి చిన్న బొట్టు ఒకటి బయటికొచ్చి, నిలబడి, ఆలోచించి, జారింది. దాని వెనక ఇంకోటి. వాసన వచ్చింది, తొలి వానకు మట్టి లేచే వాసన కాదు, ఇంకా లోపలిది, చాలా పాతది. ఎన్ని వేల ఏళ్ళుగా ఆ నీళ్ళు ఆ రాతిలో చీకట్లో ఎవరికోసం కూర్చున్నాయో. మామ సమ్మెట వదిలేసి, పెదవులు ఆ రాయికి ఆనించాడు. తాగలేదు. ఊరికే ఆనించాడు.

నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

పైనుంచి లచ్చుమక్క కేకేసింది. "ఏమైనాది? లోపల మాట లేదే?"

"సీనాకు నోట మాట రాలేదు!" అన్నాడు మామ.

పైనుంచి ఆమె గొంతు ఊరంతా వినపడేలా వచ్చింది. "అయితే నీళ్ళు పడినట్టే! రండ్రప్పో, నీళ్ళు పడినాయి!"

మొదట రోజుకు రెండు కడవలు ఊరేవి. తర్వాత అరనిలువు నిలిచాయి. ఇప్పటికీ ఉన్నాయి. ఎద్దులు కూడా ఉన్నాయి, నన్ను చూస్తే ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాయి.

ఇంకో నెలకు రేడియోలో సన్నగొంతు తిమ్మప్పకు కూడా నీళ్ళు పడ్డాయి. బావమరిది కాలుజారి బావిలో పడితే, పడిన చోట గంగ ఎగజిమ్మింది. వెంటనే పాట. నారాయణప్ప మామ బండ మీద కూర్చుని చివరిదాకా విన్నాడు. "అట్ల పడవప్పా నీళ్ళు," అని లేచి, కొక్కేనికున్న తాడు విప్పుకుని భుజాన వేసుకున్నాడు. "ఇంక దీనితో నాకు పనుండాది."

చేదాలంటే ముళ్ళు విప్పాలి. మస్తానన్న కూర్చుని పాత ఏడు ముళ్ళూ విప్పేశాడు. నా రెండు వారాలవి మాత్రం విప్పలేదు. రాలేదో, రానివ్వలేదో ఆయన ఇప్పటికీ చెప్పడు. అందుకని నారాయణప్ప బావిలో ఎవరు బొక్కెన లాగినా, గిలక మీద ఆ రెండు ముళ్ళు దాటేటప్పుడు తాడు టక్, టక్ అంటుంది. చేదుతున్న ఆడవాళ్ళు తలెత్తకుండా అంటారు, "వస్తాండానుండుమ్మా!"

కాబట్టి తూర్పు దిక్కుకు తిరిగి, ఈసారి చేయి నొప్పికి కాక, సూర్యుడి సాక్ష్యానికని కారణం ఉండే తిరిగి, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ నాటకం ఎంత చెడిపోయినా నేను బాగుచేయను. బావమరుదులు వంద మంది రానీ, ఎరువుల గుంతలు పొంగి పొర్లనీ, రేడియో మర తిప్పి ఆపేసి ఇంటికి పోయి వేడి వేడి సంగటి తింటాను. మా అమ్మ పిలిస్తే మాత్రం, ముందు నోటి దగ్గర ఏముందో తడిమి చూసుకుని, ఆ తర్వాతే పలుకుతాను.